వెనక్కి పంపకూడదు

(శామీర్‌పేటలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)

స్మారకోపన్యాసంలో ముందుగా స్మరించుకోవలసిన వ్యక్తిని గురించి నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. కింది కోర్టుల్లో ఆయన చేసిన పని గురించి నాకన్నా దగ్గరగా ఎరిగినవారు ఇప్పటికే మాట్లాడారు. నేను ఆ కోర్టుల వరండాల్లో రోజూ వినబడే ఒక మాటను తీసుకుని, దాన్ని శరణార్థి చట్టానికి ఎదురుగా నిలబెట్టి చూస్తాను. "అమ్మాయిని కాపురానికి పంపించండి" అన్నది ఆ మాట. పెద్దమనుషులు అంటారు. పోలీస్ స్టేషన్లో అంటారు. కౌన్సెలింగ్ గదిలో ఇంకాస్త మెత్తగా అంటారు. ఒక్కోసారి డిక్రీ రాసి కోర్టే అంటుంది. శరణార్థి చట్టం సరిగ్గా దీనికి ఎదురు సూత్రం మీద నిలబడింది: ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి మనిషిని వెనక్కి పంపకూడదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో 33వ అధికరణం చెప్పేది అదే. ఆశ్రయమంటే పౌరసత్వం కాదు, ఇల్లూ ఉద్యోగమూ కాదు. అవన్నీ తర్వాత వస్తే వస్తాయి. మొట్టమొదటిది, మిగతావన్నీ ఆధారపడేది, వెనక్కి పంపకపోవడం. గృహహింస నుంచి బయటపడ్డ స్త్రీకి, ఆమె దేశం దాటినా జిల్లా దాటినా, కావలసిన మొదటి హక్కు కూడా ఇదే. మన చట్టాలు ఆమెకు చాలా ఇచ్చాయి, దీన్ని మాత్రం సూటిగా ఇవ్వలేదు. నా వాదన ఇంతే.

ముందు సరిహద్దు దాటిన స్త్రీ సంగతి. 1951 ఒడంబడిక రాసినవారి మనసులో ఉన్నది యుద్ధం, రాజ్యం చేసే వేట. జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, ప్రత్యేక సామాజిక వర్గం అని అయిదు కారణాలు చెప్పారు. స్త్రీ అన్న మాట అందులో లేదు. కొట్టేది మొగుడు, రాజ్యం కాదు. కాబట్టి అది వేధింపే గాని శరణార్థి చట్టం చెప్పే హింస కాదని నాలుగు దశాబ్దాలు గడిచిపోయాయి. 1993 మార్చిలో కెనడా శరణార్థి బోర్డు స్త్రీల దరఖాస్తుల కోసం ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. 1999లో బ్రిటన్ ప్రభువుల సభ ఇస్లామ్, షా కేసుల్లో తీర్పిచ్చింది. భర్తలు ఇంట్లోంచి గెంటేసిన ఇద్దరు పాకిస్తానీ స్త్రీలు వారు. తిరిగి వెళితే వ్యభిచార నేరం మీద పడుతుందన్న భయం వారిది. ఆ తీర్పులో లార్డ్ హాఫ్‌మన్ అంగీకరించిన సూత్రం చాలా చిన్నది: తీవ్రమైన హాని ఒకవైపు, రక్షణ ఇవ్వని రాజ్యం ఒకవైపు, రెండూ కలిస్తే అది చట్టం చెప్పే హింస. కొట్టింది ఎవరన్నది సగం ప్రశ్న. ఆమె తలుపు తట్టినప్పుడు తియ్యనిది ఎవరన్నది మిగతా సగం. 2002లో ఖవార్ కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు దాదాపు ఇదే దారిలో నడిచింది. 2024 జనవరిలో ఐరోపా న్యాయస్థానం ఇంకో అడుగు వేసి, ఒక దేశంలోని స్త్రీలందరినీ ఒక సామాజిక వర్గంగా చూడవచ్చునంది.

అమెరికా దారి ఇంత తిన్నగా లేదు. గ్వాటెమాలా నుంచి వచ్చిన ఒక స్త్రీకి 1996లో ఇమ్మిగ్రేషన్ జడ్జి ఆశ్రయమిచ్చారు, 1999లో అప్పీళ్ళ బోర్డు తీసేసింది, 2009లో మళ్ళీ వచ్చింది. 2014లో ఎ.ఆర్.సి.జి. అనే పొడి అక్షరాల పేరున్న కేసులో బోర్డు ఒక వర్గాన్ని గుర్తించింది: సంబంధం నుంచి బయటపడలేని గ్వాటెమాలా వివాహితలు. 2018లో అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ దాన్ని కొట్టేశారు, 2021లో అదే పదవిలో ఉన్న మెరిక్ గార్లాండ్ ఆ కొట్టివేతను రద్దు చేశారు, 2025 సెప్టెంబరులో పామ్ బాండీ సెషన్స్ మాటనే మళ్ళీ నిలబెట్టారు. ప్రభుత్వం మారినప్పుడల్లా అటూ ఇటూ ఊగే హక్కును హక్కు అనడానికి నాకు నోరు రావడం లేదు. అయినా 2014 నాటి ఆ వాక్యాన్ని పారేయకండి. "బయటపడలేని" అన్నచోట అసలు విషయమంతా ఉంది. కాళ్ళకు సంకెళ్ళు లేవు, తలుపుకు తాళం లేదు. కానీ ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు వెనక్కి పంపుతారు. బయటపడలేకపోవడమంటే అది.

ఇప్పుడు మన అమ్మాయి సంగతికొద్దాం. తెలుగునేల నుంచి అమెరికా వెళ్ళే పెళ్ళికూతుళ్ళలో చాలామంది వెళ్ళేది హెచ్-4 వీసా మీద. ఆ వీసాకు సొంత కాళ్ళు లేవు. భర్తకు హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నంతకాలమే అదీ ఉంటుంది. అమెరికా 1994లో చేసిన మహిళలపై హింస చట్టం, భర్త పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే భార్య తనంతట తాను దరఖాస్తు చేసుకునే దారి తెరిచింది. హెచ్-1బి భర్తల భార్యలకు ఆ దారి లేదు. 2005లో వారికి పని చేసుకునే అనుమతి ఇవ్వవచ్చునని చట్టంలో చేర్చారు. దరఖాస్తు పెట్టుకునే ఫారం చేతికి రావడానికి 2017 దాకా పట్టింది. అది పని అనుమతి మాత్రమే, దేశంలో ఉండే హక్కు కాదు. నేర బాధితులకిచ్చే యు వీసాలు ఏడాదికి 10,000కు మించవు గనుక వరస ఏళ్ళకేళ్ళు సాగుతుంది. మిగిలేది ఆశ్రయం. దానికి మామూలుగా దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలి. మినహాయింపులున్నాయి, కానీ ఆ మినహాయింపులను వాదించడానికి లాయరు కావాలి, లాయరుకు డబ్బు కావాలి, బ్యాంకు ఖాతా అతని పేరు మీద ఉంటుంది. బాధిత స్త్రీలకు సాయపడే సంస్థలు, న్యూజెర్సీలో మానవి 1985లో, న్యూయార్క్‌లో సఖి 1989లో పుట్టాయంటే దక్షిణాసియా ఇళ్ళలోని ఈ కథ కొత్తది కాదన్నమాట.

సరే, ఆమె ఆ అడ్డంకులన్నీ దాటి ఆశ్రయం అడిగిందనుకోండి. ఎదురుగా కూర్చున్న అధికారి రెండు ప్రశ్నలు వేస్తాడు. మీ దేశం మీకు రక్షణ ఇవ్వలేదా? మీ దేశంలోనే ఇంకో ఊళ్ళో బతకలేరా? మొదటి ప్రశ్నకు ఆమె చెప్పే జవాబుకు ముందే బల్ల మీద కాగితాలుంటాయి: భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని నేరంగా చెబుతూ 1983లో శిక్షాస్మృతిలోకి వచ్చిన 498ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు, 2006 అక్టోబరు 26న అమల్లోకొచ్చిన గృహహింస చట్టం, జిల్లాకొక ప్రభుత్వ సఖి కేంద్రం, 181 హెల్ప్‌లైన్, తెలంగాణలో షీ టీములు, భరోసా కేంద్రాలు. రెండో ప్రశ్నకు జవాబు భారతదేశపు పటం. ఇంత పెద్ద దేశం, ఇన్ని నగరాలు. ముంబయిలోనో ఢిల్లీలోనో ఉండవచ్చు కదా అని రాసేస్తారు. బ్రిటన్ 2023 నవంబరులో భారత్‌ను సురక్షిత దేశాల జాబితాలో చేరుస్తున్నట్టు ప్రకటించింది. 2025 ఏప్రిల్లో ఐరోపా కమిషన్ కూడా తన ప్రతిపాదిత జాబితాలో పెట్టింది. ఇందులో మన ప్రభుత్వాలు గర్వపడడానికి కావలసినంత ఉంది. మన అమ్మాయికి మాత్రం మన చట్టాలే ఎదురు సాక్ష్యాలవుతాయి. గృహహింస చట్టం కింద మేడ్చల్‌లో కాగితం మీద ఉన్న రక్షణాధికారి న్యూజెర్సీలో ఒక స్త్రీ దరఖాస్తును తిరస్కరించడానికి కారణమవుతాడు. అంచేత ఆ కాగితం వెనక ఏముందో చూడవలసిన బాధ్యత మనకుంది. ఆ రెండు ప్రశ్నలనూ విదేశీ అధికారి నోటి నుంచి తీసుకుని ఇక్కడే, ఈ మేడ్చల్, శామీర్‌పేట మండలాల మీదే వేసి చూద్దాం.

గృహహింస చట్టం మంచి చట్టం. ఇది సివిల్ చట్టమని, మొగుణ్ణి జైల్లో పెట్టమనే చట్టం కాదని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. 17వ సెక్షన్ ఆమెకు ఉమ్మడి నివాసంలో ఉండే హక్కిచ్చింది. 2006 చివర బత్రా కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కును కుదించింది. అత్తగారి పేరనున్న ఇల్లు ఉమ్మడి నివాసం కాదంది. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహుజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తప్పును దిద్దింది. దాదాపు పద్నాలుగేళ్ళ పోరాటమంతా ఇంట్లో ఉండే హక్కు కోసమే నడిచింది. అది అవసరమే, కాదనను. కానీ ఆ ఇంట్లో ఉండలేక వచ్చేసిన స్త్రీ గురించి చట్టం ఎంత పొదుపుగా మాట్లాడుతుందో చూడండి. అడిగితే ఆశ్రయ గృహం ఆమెకు చోటివ్వాలి అంటుంది 6వ సెక్షన్. ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేటు దగ్గర కూడా కేసు వేయవచ్చు అంటుంది 27వ సెక్షన్. ఇవి చిన్న విషయాలు కావు. నిజామాబాద్‌లో దెబ్బలు తిని మేడ్చల్‌లో అక్క ఇంటికి వచ్చిన ఆమె, మేడ్చల్‌లోనే కేసు పెట్టుకోవచ్చు. 2019 ఏప్రిల్లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు 498ఏ ఫిర్యాదుకూ ఇదే వెసులుబాటునిచ్చింది: ఆశ్రయం పొందిన చోట కూడా ఆ క్రూరత్వపు ఫలితాన్ని ఆమె అనుభవిస్తూనే ఉంది గనుక అక్కడి కోర్టుకూ అధికారం ఉందంది. పారిపోవడాన్ని మన చట్టం అర్థం చేసుకున్న అరుదైన సందర్భం అది. అయితే ఎక్కడ కేసు వేయాలన్నది తేల్చింది గాని, కేసు తేలేదాకా ఆమెను ఎవరూ వెనక్కి పంపకూడదని ఎక్కడా అనలేదు.

వెనక్కి పంపమని రాసిన చట్టమైతే ఉంది. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్, దాంపత్య హక్కుల పునరుద్ధరణ. ఇంగ్లీషు చర్చి కోర్టుల నుంచి వచ్చిన సరుకు ఇది. 1887లో బొంబాయి కోర్టు రఖ్మాబాయిని భర్త దగ్గరికి పోతావా ఆరు నెలలు జైలుకు పోతావా అని అడిగింది. ఆమె జైలే మేలంది. ఇంగ్లండు 1970లోనే ఈ దావాను ఎత్తేసింది, మనం 1955లో కొత్త చట్టంలో పెట్టుకుని ఇప్పటికీ భద్రంగా ఉంచుకున్నాం. ఈ సెక్షన్ మీద దేశంలో వచ్చిన అత్యంత ధైర్యమైన తీర్పు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుదే. 1983 జూలైలో టి. సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి 9వ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమన్నారు. సినిమా నటి సరితను కాపురానికి పంపమని కడప కోర్టులో వేసిన దావా అది. అందులో ప్రధానమైనది హింస ఆరోపణ కాదు. అందుకే ఆ తీర్పు ఇంకా ముఖ్యమైనది. తన శరీరాన్ని ఎవరి దగ్గర, ఎప్పుడు ఉంచాలో నిర్ణయించుకునే హక్కు స్త్రీది, దాన్ని రాజ్యం డిక్రీతో లాక్కోకూడదు అన్నది ఆయన తర్కం. శరణార్థి చట్టం పేరు ఎత్తకుండానే 33వ అధికరణపు ఆత్మను ఇంటి గడప దగ్గరికి తెచ్చిన తీర్పది. ఏడాది దాటగానే 1984 ఆగస్టులో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. వివాహాలు విచ్ఛిన్నం కాకుండా ఆపే సామాజిక ప్రయోజనం ఈ సెక్షన్‌కు ఉందంది. 2019లో గుజరాత్ న్యాయ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఈ సెక్షన్‌ను సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఇక్కడున్న విద్యార్థులు గమనించవలసిన విషయం, ఆ పిటిషన్ వేసింది మీ వయసువాళ్ళే.

ఈ రోజుల్లో ఈ డిక్రీతో ఎవరినీ చేయిపట్టి లాక్కెళ్ళరు కదా, ఆస్తి జప్తు తప్ప ఏం చేయగలరు అని ఒక అభ్యంతరం. నిజమే. డిక్రీ బలం అమలులో లేదు, బేరంలో ఉంది. భర్త దగ్గర ఉండడానికి సరైన కారణం లేకుండా నిరాకరించిన భార్యకు మనోవర్తి లేదనే నిబంధన పాత నేర విచారణ స్మృతి 125వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 144లో ఉంది. ఆమె మనోవర్తి అడిగితే అతను 9వ సెక్షన్ కింద దావా వేస్తాడు. డిక్రీ తెచ్చుకుని, రమ్మంటే రాలేదు, డబ్బెందుకివ్వాలి అంటాడు. ఆకలితో వెనక్కి పంపడమంటే ఇది. 2025 జనవరిలో రీనా కుమారి కేసులో సుప్రీంకోర్టు దీనికి కొంత అడ్డుకట్ట వేసింది: అటువంటి డిక్రీ ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదు, రాకపోవడానికి ఆమెకు న్యాయమైన కారణం ఉందేమో చూడాలి. మంచి తీర్పు. కానీ కారణం రుజువు చేసే బరువు ఇంకా ఆమె మీదే ఉంది.

అయితే డిక్రీతో వెనక్కి వెళ్ళేవారు బహు కొద్దిమంది. ఎక్కువమందిని పంపేది ప్రేమగా మాట్లాడేవాళ్ళు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18-49 ఏళ్ళ వివాహితల్లో 36.9 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించారు. దేశ సగటు 29.3. అంతకన్నా ఆలోచించవలసిన అంకె ఇంకొకటుంది: ఏదో ఒక కారణం చూపి భర్త భార్యను కొట్టడం సరైనదేనన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6. హింసకు గురైనవారిలో సాయం అడిగినవారు దేశం మొత్తం మీద 14 శాతమే. అడిగినవారు కూడా ఎక్కువగా అడిగింది పుట్టింటినే. అంటే ఆశ్రయ దరఖాస్తు మొదట విచారణకొచ్చేది అమ్మానాన్నల ముందు. కొట్టడం మామూలే అనుకునే తల్లి దగ్గర, రెండో కూతురి పెళ్ళి ఉందని భయపడే తండ్రి దగ్గర. వారిని నిందించి లాభం లేదు. కూతురు వచ్చేసిన ఇంటికి లోకం ఎంత ధర కట్టిస్తుందో వారికి తెలుసు. తెలిసే "సర్దుకుపో తల్లీ" అంటారు. ఆ తర్వాత పెద్దమనుషుల పంచాయితీ, ఆ తర్వాత స్టేషన్లో కౌన్సెలింగ్. అన్ని మెట్లమీదా ఒకటే తీర్పు.

కౌన్సెలింగ్‌ను తీసిపారేస్తున్నారా అని అడుగుతారు. లేదు. రాజీలన్నీ మోసాలు కావు. తాగుడు మానిన మొగుళ్ళూ ఉన్నారు, వేరు కాపురం పెట్టి బాగుపడ్డ జంటలూ ఉన్నాయి. నా అభ్యంతరం రాజీకి కాదు, వరుసకు. చట్టం చెప్పిన వరుస వేరు. గృహహింస చట్టం 14వ సెక్షన్ కింద కౌన్సెలింగ్ మేజిస్ట్రేటు ఆదేశించాలి. 2006 నియమాల్లో 14వ నియమం దాని పద్ధతి చెప్పింది. ఇక ముందు హింసకు పాల్పడనని అతను హామీ రాసివ్వాలి. తాను చేసిన హింసకు సమర్థనలు చెప్పుకోనివ్వకూడదు. అన్నం మాడ్చింది కాబట్టి, ఎదురు మాట్లాడింది కాబట్టి అనే మాటకు ఆ గదిలో చోటే లేదు. మన కౌన్సెలింగ్ గదుల్లో మొదటి ప్రశ్న ఏమిటి? "ఏం జరిగిందమ్మా, ఎందుకు కొట్టాడు?" చట్టం అడగొద్దన్న ప్రశ్నతోనే మొదలవుతుంది వ్యవహారం. హామీ పత్రం ఉంటే చివర్లో ఉంటుంది, అందులోనూ ఇద్దరి సంతకాలుంటాయి, ఇద్దరూ గొడవ పడరాదని రాసి ఉంటుంది. దెబ్బ తిన్నామె కూడా బాగా ఉంటానని హామీ ఇచ్చి వెళుతుంది. శరణార్థి చట్టంలో ఇటువంటి పనికి వెనక్కి పంపడమనే పేరు; మన దగ్గర దాన్ని పరిష్కరించిన కేసుల లెక్కలో వేస్తారు.

ఇంకో ఊళ్ళో బతకలేవా అన్న ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్నకు దేశం మొత్తంలో సరైన పరీక్షాస్థలం ఏదైనా ఉంటే అది ఇలాంటి నగరపు అంచే. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబరు 11న రంగారెడ్డి నుంచి విడిపడింది. 2011 లెక్కల ప్రకారమే ఈ ప్రాంతంలో 24 లక్షలకు పైగా జనం, పదిమందిలో తొమ్మండుగురు పట్టణవాసులు. 44వ జాతీయ రహదారి మీద మేడ్చల్, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, మధ్యలో ఔటర్ రింగ్ రోడ్డు. మేడ్చల్ పారిశ్రామికవాడలో ఒడిశా, బిహార్ కూలీలు, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీల్లో పొరుగు జిల్లాల అమ్మాయిలు, కొంపల్లి హాస్టళ్ళు, కండ్లకోయ దాకా పాకిన అపార్టుమెంట్లు. ఎవరినీ ఎవరూ ఎరగని చోటు. పారిపోయి వచ్చి బతకాలంటే ఇంతకన్నా వీలైన చోటేముంటుంది?

వచ్చి చూడండి. ఇల్లు అద్దెకు అడిగితే "మీ సార్ ఏం చేస్తారు" అన్నది ఓనరు మొదటి ప్రశ్న. ఒంటరి ఆడమనిషి, అందులోనూ పిల్లలతో అంటే పోర్షను ఖాళీ లేదంటారు. లేడీస్ హాస్టల్‌లో పిల్లల్ని ఉంచనివ్వరు. పిల్లవాణ్ణి బళ్ళో వేయాలంటే పాత బడి నుంచి టీసీ తెమ్మంటారు, టీసీ తేవాలంటే పాత ఊరికి కబురు పోవాలి. రేషన్‌కు ఆమె పేరు అత్తింటి కార్డులో ఉంది. ఆధార్ మీద చిరునామా అతనిది, దానికి ముడిపెట్టిన ఫోన్ నంబరూ తరచు అతనిదే. ఈలోగా అతను స్టేషన్‌కు వెళ్ళి భార్య కనబడడం లేదని మిస్సింగ్ కేసు పెడతాడు. పోలీసులు ఫోన్ సిగ్నల్ పట్టుకుని ఆమెను కనిపెడతారు. మేజరైన స్త్రీ తన ఇష్టం మీద వచ్చేశానంటే కేసు అక్కడితో మూసేయవచ్చు. కానీ ఎక్కడుందో చెప్పకుండా మూసేయాలన్న జాగ్రత్త ఎంతమందికి ఉంటుంది? వెతికిపెట్టమన్నది మొగుడు కదా, అతనికి చెప్పకపోతే ఎలా అన్నది మన సహజమైన ఆలోచన. ఆమె దాక్కున్న చోటును రాజ్యమే అతని చేతికి అందిస్తుంది. 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇష్టపడి పెళ్ళి చేసుకున్న జంటల కోసం జిల్లాల్లో రక్షిత గృహాలు పెట్టమంది. అయినవాళ్ళ మాట కాదని పెళ్ళిలోకి వెళ్ళే అమ్మాయిని దాచవలసిన అవసరం రాజ్యానికి అర్థమైంది. అయినవాళ్ళ మాట కాదని పెళ్ళిలోంచి వచ్చే అమ్మాయిని దాచవలసిన అవసరం ఇంకా అర్థం కాలేదు.

కెనడాలో ఈ ఇంకో ఊరు పరీక్షకు రెండు భాగాలున్నాయి. అక్కడ ఆమెకు ముప్పు ఉండకూడదు. అక్కడ బతకమనడం ఆమె పరిస్థితిలో సమంజసంగా ఉండాలి. పటం మీద వేలు పెట్టి నగరం పేరు చెప్పినంత మాత్రాన రెండో భాగం తీరదు. ఓనరు ప్రశ్న, టీసీ, ఆధార్ నంబరు, మిస్సింగ్ కేసు కలిపి చూస్తే తీరుతుంది, లేదా తీరదని తేలుతుంది. విదేశీ ట్రిబ్యునళ్ళు వీటిని చూడవని ఫిర్యాదు చేయడం తేలిక. మనం చూస్తున్నామా?

ఇక దుర్వినియోగం. ఈ అంశం మీద మాట్లాడేవారెవరైనా దీనికి జవాబు చెప్పి తీరాలి, ఎందుకంటే చెప్పేది వీధిలోనివాళ్ళు కాదు, సుప్రీంకోర్టు. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో యాంత్రికంగా అరెస్టులు చేయవద్దంది. 2017లో రాజేశ్ శర్మ కేసులో కుటుంబ సంక్షేమ కమిటీలు పెట్టమంది, 2018లో తానే ఆ భాగం వెనక్కి తీసుకుంది. 2024 డిసెంబరులో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన దారా లక్ష్మీనారాయణ కేసులో 498ఏ ఫిర్యాదును కొట్టేస్తూ, వివరాలు లేకుండా భర్త బంధువులందరినీ ఇరికించే ధోరణిని గట్టిగా హెచ్చరించింది. ఊళ్ళో లేని ఆడపడుచుల మీద, మంచాన పడ్డ తాతల మీద కేసులు పెట్టిన ఉదంతాలు నిజం. వాటిని లేవనడం నిజాయితీ కాదు. ఆ న్యాయమూర్తులు అదే తీర్పులో, క్రూరత్వానికి గురైన స్త్రీ నోరు మూసుకోవాలని తమ ఉద్దేశం కాదని కూడా అన్నారు. ఆ మాట పత్రికల శీర్షికల్లోకి అంతగా రాలేదు. అయితే నా వాదనకు ఈ అభ్యంతరం ఎంతవరకు తగులుతుంది? అరెస్టు ఇంకొకరి స్వేచ్ఛను తీసుకుంటుంది కాబట్టి దానికి గట్టి రుజువు కావాలి. ఆమెను వెనక్కి పంపకపోవడం ఎవరి స్వేచ్ఛనూ తీసుకోదు. ఆమె చెప్పింది అబద్ధమని చివరికి తేలినా, అతనికి పోయింది భార్య తోడు కొన్నాళ్ళు. నిజమైతే పోయేది ప్రాణం. శరణార్థి చట్టం తక్కువ రుజువుతో ఎక్కువ రక్షణ ఇచ్చేది ఈ లెక్క వల్లనే. పైగా నేర చట్టం మీద ఇంత ఒత్తిడి ఎందుకు పడింది? ఆశ్రయం ఇచ్చే తలుపు ఏదీ తెరుచుకోకపోతే, చేతికందిన ఒకే ఒక్క గట్టి ఆయుధం 498ఏ. మనోవర్తికీ సామాను తిరిగి రాబట్టుకోవడానికీ కూడా దాన్నే వాడతారు. ఆశ్రయం దొరికే చోట ఆ అవసరం తగ్గుతుంది. దుర్వినియోగం గురించి నిజంగా బాధపడేవారు ఆశ్రయ గృహాల కోసం ముందుగా అడగాలి.

తెలుగువారికి ఈ ఆలోచన పరాయిది కూడా కాదు. వీరేశలింగం 1881లో రాజమండ్రిలో వితంతు వివాహాలు జరిపించినప్పుడు ఎదురైన సమస్యల్లో ఒకటి, ఆ పిల్లను ఎక్కడ దాచాలన్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టింది 1937లో. హైదరాబాదులో స్త్రీల సంస్థ అస్మిత, 2006 నుంచి భూమిక హెల్ప్‌లైన్ ఆ వరుసలోవే. ఆశ్రయం ఇచ్చినవారందరూ ఇక్కడ వ్యక్తులూ సంఘాలూ. రాజ్యం చాలా ఆలస్యంగా వచ్చింది, వచ్చాక కూడా అదనపు బాధ్యతగానే వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో రక్షణాధికారి బాధ్యతను జిల్లా మహిళా శిశు సంక్షేమాధికారి భుజాన వేశారు. అంగన్‌వాడీల నుంచి పోషకాహారం దాకా చూసే ఆ అధికారికి ఇది ఇంకొక ఫైలు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక మహిళా సంస్థ వేసిన పిటిషన్‌లో, చట్టం వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తుండగా, జిల్లా తాలూకా స్థాయిల్లో రక్షణాధికారులను గుర్తించమని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

చివరగా ఒక చిన్న లెక్క. గృహహింస చట్టం 12వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు మీద మొదటి విచారణ మామూలుగా 3 రోజుల్లో జరగాలి, మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో కేసు తేల్చే ప్రయత్నం చేయాలి. సఖి కేంద్రం మార్గదర్శకాల ప్రకారం అక్కడ బాధితురాలు ఉండగలిగేది 5 రోజులు. ఆ తర్వాత ఆమెను ఒకప్పుడు స్వధార్ అని, ఇప్పుడు శక్తి సదన్ అని పిలిచే గృహాలకు పంపాలి. కేసులు 60 రోజుల్లో తేలవని ఈ సభలో అందరికీ తెలుసు, తేలుతాయనే అనుకుందాం. ఆరో రోజు ఉదయం ఆమె ఎక్కడుంటుంది? శక్తి సదన్‌లో మంచం దొరికిందా, దొరికితే పన్నెండేళ్ళ కొడుకును లోపలికి రానిచ్చారా, దొరకకపోతే ఆమె వెళ్ళిన చిరునామా ఏమని రాశారు? ఈ జిల్లాలో సఖి కేంద్రానికి వచ్చిన స్త్రీలలో ఎంతమంది అయిదు రోజుల తర్వాత అత్తింటికే వెళ్ళారో, వెళ్ళేముందు 14వ నియమం చెప్పిన హామీ పత్రం ఎన్ని కేసుల్లో తీసుకున్నారో, రెండోసారి తిరిగొచ్చినవారెందరో అడిగితే సమాధానం ఇవ్వవలసిన కార్యాలయం ఈ మండలంలోనే ఉంది. న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం నల్సార్ ఉన్నదీ ఇక్కడే. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. అంతాయిపల్లి కలెక్టరేటు ఇక్కడికి దూరమేమీ కాదు, ఆ ప్రశ్నలు ఈ వారంలోనే అక్కడ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.